కోర్నత్సెల్ బొగ్గుకు ఎన్ని కెలోరీలు

పరస్కీవా ఎదురుగా ఉంటే అందరూ కీవక్కా అనేవాళ్లు. వెనక్కి తిరిగితే మైనం మహాతల్లి అనేవాళ్లు. నేనూ అన్నాను. ఆమె పనిచేసిన భూగర్భ పరిశోధన కేంద్రంలోనే నేను పద్నాలుగేళ్లు బొగ్గు కాల్చి కెలోరీలు కొలిచాను. ఆ కేంద్రం మీద, అక్కడి పెద్దల మీద, నా మీద నాకున్న రోత ఇంతకాలమైనా తగ్గలేదు. ఆమె గురించి రాయాలంటే ఆ రోతంతా కక్కక తప్పదు.

గోర్జ్ జిల్లాలో కొండల నడుమ కోర్నత్సెల్ అని డెబ్బై గడపల ఊరు ఉండేది. కీవక్కది ఆ ఊరే. ఊరి పక్క వాగు గట్టున బొగ్గు పొర బయటికి కనిపిస్తూ ఉంటుంది. ఎవరికి కావాల్సింది వాళ్లు గునపంతో తవ్వుకుంటారు. అలా తవ్వింది అలాగే పొయ్యిలో పెట్టరు. చూరు కింద పేర్చి, ఒక ఎండాకాలం, ఒక చలికాలం గాలికి ఆరనిచ్చి, పలకలుగా విచ్చుకున్నాక గానీ ముట్టించరు. ఏ ఇంటి చూరు కింద ఎంత ఎండు బొగ్గుంటే ఆ ఇంటికి అంత పరువు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు పిల్లను చూడకముందు చూరు కిందికి తొంగిచూసేవాళ్లు. ‘పచ్చి బొగ్గు కాల్చే కొంప’ అని ఎవరినైనా తిడితే ఆ రెండిళ్ల మధ్య పదేళ్లు మాటలుండవు. మా బొగ్గులో నీళ్లున్నాయని బయటివాడితో చెప్పే మొనగాడు ఆ ఊళ్లో పుట్టలేదు.

నీళ్లు మాత్రం ఉన్నాయి. ఆ బొగ్గులో దాదాపు సగం నీళ్లే. అక్కడే ఉంది ఈ కథంతా.

ఇరవయ్యో ఏట ఆమె బోర్లు వేసే ముఠాకి వంటమనిషిగా చేరింది. మొక్కజొన్న సంకటి కెలుకుతూనే ఓ కన్ను బోరు మీద పెట్టేది. పైకి తీసిన బొగ్గు కడ్డీలను వాళ్లు గడ్డిలో పడేసి, సిగరెట్లు కాల్చుకుని, భోంచేసి, ఓ కునుకు తీసి, అప్పుడు తీరిగ్గా డబ్బాల్లో పెట్టేవాళ్లు. ఈమె ఒకరోజు గరిటె పట్టుకునే అప్పటి పెద్దింజనీరు దగ్గరికి వెళ్లిందట. “అయ్యా, మీవాళ్ల భోజనం అయ్యేలోపు దాంట్లో నీళ్లు సగం పోతాయి. మా ఊళ్లో చిన్నపిల్లకైనా తెలుసు,” అందట. ఆ పాతాయన మంచివాడు. మర్నాటి నుంచి గరిటె తీసి నమూనాల పని చేతికిచ్చాడు.

అప్పటినుంచీ ఆమె పక్కన కిరసనాయిలు స్టవ్వు, దానిమీద మైనం గిన్నె. కడ్డీ పైకి రాగానే బురద తుడిచి, ఒక్కసారి చెంపకు ఆనించుకునేది. తడి సరిగ్గా ఉందో లేదో ఆమెకు చెంప చెప్పేది. వెంటనే గుడ్డ చుట్టి, మైనంలో ముంచి, రేకు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మళ్లీ మైనం పోసి, బోరు నంబరు, లోతు, గంట, నిమిషం పెన్సిల్‌తో రాసేది. వానలోనూ అంతే, మంచులోనూ అంతే. బోరువాళ్లు ఊరుకుంటారా?

“మొగుణ్ణయినా ఇంత ముద్దుగా చెంపకు ఆనించుకున్నావా కీవా?” అనేవాళ్లు.

“వాడూ తడిసే ఉండేవాడు నాయనా, లోపలంతా సారా. కెలోరీలే లేవు,” అనేది. ఆ మొగుడు పెళ్లయిన రెండేళ్లకే వేరే గనులకని వెళ్లి మళ్లీ మొహం చూపించలేదు. దాని గురించి ఆమె అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు.

పాతాయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి తుదోసియే అనే ఇంజనీరు వచ్చాడు. ఈయనకు పై నుంచి ఎంత అంకె కావాలంటే అంత అంకె కింద దొరకాల్సిందే. మిగతా ఊళ్ల నమూనాలను ‘గాలికి పెట్టడం’ అనే పద్ధతి ఈయన హయాంలోనే మొదలైంది. డబ్బా మూత తీసి మూడురోజులు ఎండలో వదిలేస్తే నీళ్లు పోతాయి, కిలోకి కెలోరీలు పెరుగుతాయి. కాగితం మీద బొగ్గు బంగారమవుతుంది, నేలలో మాత్రం అదే బురద ఉంటుంది. అందరికీ తెలుసు. అందరం నోరు మూసుకున్నాం. కీవక్క డబ్బాల జోలికి మాత్రం ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మూత కదిలితే ఆమెకు తెలిసిపోతుంది, తెలిస్తే ఆమె నోరు ఊరికే ఉండదు.

ఎనభై నాలుగు అక్టోబరులో రాజధాని నుంచి రెండు కార్లలో ఎనిమిదిమంది కమిటీ సభ్యులు దిగారు. జిల్లాలో బొగ్గెంత, యురేనియం ఎంత, గాలి, ఎండ, నీళ్ల నుంచి వచ్చే కరెంటెంత, అన్నీ అంచనా కట్టి పుస్తకం వెయ్యాలట. ఆ నెల మా ఆఫీసులో గదికి ఒక్క బల్బు, అదీ సాయంత్రం నాలుగు దాటితేనే. రేడియేటర్లు ముట్టుకుంటే చెయ్యి చల్లబడేది. దేశానికి వేడి ఎక్కణ్ణుంచి వస్తుందో మేం చేతులకు ఊలు తొడుగులు వేసుకుని లెక్కకట్టాం. బయట రొట్టె కోసం వరసలో ఆడవాళ్లు, లోపల కమిటీవారి కోసం కాలుతున్న పంది మాంసం.

యురేనియం చూడ్డానికి వచ్చినవాడు టిక్కుటిక్కుమనే పెట్టె మెడలో వేసుకుని తిరిగాడు. వాడెక్కడికెళ్తే అక్కడ పెట్టె మోగేది. గుట్ట మీద మోగింది, వాగులో మోగింది, మా క్యాంటీన్‌లోనూ మోగింది. వాడు ఉబ్బితబ్బిబ్బై అన్నిచోట్లా పటంలో ఎర్రచుక్కలు పెట్టుకుంటున్నాడు. కీవక్క రెండురోజులు చూసి మూడోరోజు, “కామ్రేడ్, ఒక్కసారి ఆ చేతి గడియారం తీసి అవతల పెట్టి చూడండి,” అంది. చీకట్లో ముళ్లు ఆకుపచ్చగా మెరిసే, రేడియం పూసిన పాతకాలపు గడియారం అది. తీశాడు. పెట్టె నోరు మూసుకుంది. వాడు అప్పటినుంచీ ఆమెను చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఎర్రచుక్కలు మాత్రం కొట్టెయ్యలేదు, ఆ చుక్కలన్నీ పుస్తకంలో అచ్చయ్యాయి.

గాలి చూసేవాడు ఇంకా ఘనుడు. కోర్నత్సెల్ గుట్ట మీద గాలికి ఇళ్ల పెంకులు లేచిపోతాయి. ఆ గుట్టెక్కడానికి దారంతా బురద, వాడి కాళ్లకు పల్చటి బూట్లు. అందుకని గాలి కొలిచే గరిటెల స్తంభాన్ని పట్నంలో మునిసిపాలిటీ ఆఫీసు వెనక, ఎత్తయిన చెట్ల చాటున పాతించాడు. పదకొండు రోజులు చూసి ‘ఈ జిల్లాలో గాలి లేదు’ అని రాసుకున్నాడు. ఎండ గురించి ఎవరూ అడగలేదు. నీళ్ల గురించి అరపేజీ. మిగిలిందల్లా బొగ్గే. వాళ్లు అది తేల్చుకునే వచ్చారు. మిగతాదంతా వేషం.

బొగ్గు విషయంలో లెక్క సూటిగా ఉంది. కిలోకి పదిహేడువందల కెలోరీలు దాటితే కోర్నత్సెల్ కింద భారీ గని తవ్వుతారు. ఊరు లేపేస్తారు, చర్చి, స్మశానం అన్నీ. దాటకపోతే ఊరు ఉంటుంది. ఆ ఊళ్లో వేసిన ఐదు బోర్ల నమూనాలు కీవక్క తన చేత్తో తీసి, మైనం పోసి తెచ్చింది. సగం డబ్బాలు నేను తెరిచి కాల్చాను. పద్నాలుగువందల తొంభై వచ్చింది. మళ్లీ కాల్చాను. అంతే. ఆ సాయంత్రం ఆమె వచ్చి అంకె చూసి బల్లమీద కూలబడి, “నా ఊరు బతికింది రా పొంపీ,” అంది. పొంపీలియు అని నా పూర్తి పేరు పిలిచే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు. ఆ రోజు ఆమె కళ్లల్లో నీళ్లు చూశాను.

కమిటీ చైర్మన్‌కు ఆ అంకె నచ్చలేదు. ఊరే స్వయంగా చూద్దామన్నాడు. చూడ్డమంటే తినడం. తుదోసియే ఆ ఊళ్లో పెద్దిల్లు ఏదని వాకబు చేసి, కీవక్క తండ్రి ఇలారియే ఇంట్లో భోజనం ఏర్పాటు చేయించాడు. ముందురోజు ఆమె ఊరికెళ్లి తండ్రిని కూర్చోబెట్టి చెప్పింది. నేనూ వెంట ఉన్నాను.

“నాన్నా, బొగ్గు ఎలా ఉంటుందని అడుగుతారు. బాగోదు, మండదు, పొగొస్తుంది అని చెప్పు. అంతే. నీకు దణ్ణం పెడతా.”

“నా ఇంట్లో నిలబడి, నా పొయ్యి పక్కన, మాది పచ్చి బొగ్గు కొంపని చెప్పమంటావా?”

“ఊరు పోతుంది నాన్నా.”

ముసలాయన చాలాసేపు మీసం నములుకున్నాడు. “సరే. అడిగితే మాట్లాడను. అబద్ధం మాత్రం చెప్పలేను,” అన్నాడు. పచ్చి బొగ్గని చెప్పడం ఆయన లెక్కలో అబద్ధం.

మర్నాడు మధ్యాహ్నం ఎనిమిదిమందీ వాకిట్లో పొయ్యి పక్కన వేసిన బల్ల చుట్టూ చేరారు, నేనూ కీవక్కా అరుగు మీద కూర్చున్నాం. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, సంకటి, జున్ను, పండ్ల సారా. ఊరివాళ్లు నలభైమంది కంచె అవతల నిలబడి చూస్తున్నారు. పొయ్యి భగభగ మండుతోంది. అతిథులొస్తే చూరు కింద బొగ్గు తీయకుండా ఉండటం ఆ ముసలాయన వల్ల కాలేదు. దాన్ని చూసి కీవక్క మొహం పాలిపోయింది. అయినా మూడుసార్లు అడిగినా ఇలారియే నోరు విప్పలేదు, గ్లాసులు నింపుతూ ఉన్నాడు. నాలుగో గ్లాసు తర్వాత చైర్మన్ నవ్వుతూ, “ఎందుకులే తాతా, మీది బొగ్గు కాదుగా, బురద. మా కాగితాల్లో అలాగే ఉంది. బురద కాల్చుకుని బతికే ఊరు!” అన్నాడు.

ముసలాయన గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టాడు.

“బురదా? ఈ పొయ్యిలో ఏముందో చూడండి! ఈ జిల్లాలో ఎవడింట్లోనైనా ఇలా మండుద్దా?”

“ఇది ఇక్కడిదేనా? ఎప్పుడు తవ్వారు?”

“ఇక్కడిదే. నిన్న తవ్వా. మా బొగ్గు తవ్వగానే మండుద్ది.”

“నాన్నా!” కీవక్క లేచింది. “పోయినేడాది కోతలకు ముందు తవ్విందది. ఏడాది పైగా చూరు కింద ఎండింది. కామ్రేడ్, ఆయన మాట నమ్మకండి, నేలలో అది సగం నీళ్లు.”

“నోర్ముయ్! పెద్దలముందు తండ్రి పరువు తీస్తావా?” ముసలాయన కంచెవైపు తిరిగాడు. “ఏవయ్యా, చెప్పరేం? మనది తడి బొగ్గా?”

నలభైమందీ ఒక్క గొంతుతో, “కాదు, కాదు! నిన్న తవ్విందే! మేం చూశాం!” అన్నారు. ఒకావిడైతే, “మా ఇంట్లోదీ అంతే, వచ్చి చూడండి,” అని గేటు తీసి పిలిచింది. అడిగిన ప్రశ్న ఏమిటో, చెప్తున్న జవాబు ఎక్కడికి పోతుందో ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. వాళ్ల వెర్రిని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నాలుగు కెలోరీల పరువు కోసం తమ గోతిని తామే చూపించారు. చైర్మన్ చూరు కిందినుంచి ఓ పలక తీసి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఆ పలక నా చేత కాల్పించారు. మూడువేల మూడువందల చిల్లర వచ్చింది. తుదోసియే నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

“కామ్రేడ్ పొంపీలియు, ఊరంతా ఒకటి చెప్తుంటే మన మైనం మహాతల్లి ఒకటి చెప్తోంది. ఆమెకు అది పుట్టిల్లు. నమ్మొచ్చా?”

“నమూనాలు సరిగ్గానే ఉన్నాయండి.”

“మిగిలిన డబ్బాలు కొంచెం గాలికి పెట్టు. అన్నట్టు, క్వార్టర్ల జాబితా నా బల్లమీదే ఉంది. నీకు రెండు గదులేగా కావాల్సింది?”

పెళ్లయి నాలుగేళ్లు. నేనూ నా భార్యా హాస్టల్లో ఒక్క గదిలో, మధ్యలో దుప్పటి కట్టుకుని, మరో జంటతో కాపురం చేస్తున్నాం. ఇది సాకుగా చెప్పడం లేదు. ఇంత చవగ్గా కొనొచ్చు మనిషిని అని చెప్తున్నాను. ఆ మధ్యాహ్నమే కత్తితో మైనం గీకి, మూతలు తీసి, ప్రయోగశాల డాబా మీద దుప్పటి పరిచి ఆ కడ్డీలను ఎండలో పెట్టాను. అక్టోబరు ఎండ ఆ ఏడు చాలా బాగా కాసింది.

మూడోరోజు ఆమె మెట్లెక్కి పైకొచ్చింది. దుప్పటి చూసింది. వంగి ఒక కడ్డీ తీసి చెంపకు ఆనించుకుంది. అది అప్పటికే చిట్లి, పెళ్లలు రాలుతోంది.

“ఎవరు చెయ్యమన్నారు?”

“ఇంజనీరు.”

“ఎవరు చేశారు?”

నేను వంగి దుప్పటి అంచు సర్దాను.

“నీకేమిస్తానన్నాడు?”

“ఇల్లు... రెండు గదులు.”

ఆమె అరుస్తుందనుకున్నాను. చెంప మీది నల్లటి పొడి కూడా తుడుచుకోకుండా నావైపు చూస్తూ నిలబడింది. “ఛీ,” అంది. ఆ ఒక్క మాటే. మెట్లు దిగి వెళ్లిపోయింది. నన్ను అంతకంటే సరిగ్గా కొలిచినవాళ్లు లేరు.

ఆ కడ్డీలు పద్దెనిమిదివందల పది కెలోరీలిచ్చాయి. ఆ అంకె కింద సంతకం నాది. నమూనాలు తీసినవారి సంతకం ఉండాల్సిన చోట ఆమె సంతకం చెయ్యనంది, బెదిరించినా చెయ్యనంది. అక్కడా నాచేతే పెట్టించారు. ఒకసారి చెయ్యి వంగాక రెండోసారి పెద్ద కష్టం కాలేదు. ఆమె రాజధానికి మూడు ఉత్తరాలు రాసింది. మూడూ తిరిగి తుదోసియే బల్లమీదికే వచ్చాయి. ఆమె చేతిలోంచి మైనం గిన్నె తీసుకుని చీపురు పెట్టారు. ఆమె మా వరండాలన్నీ ఊడ్చింది, తల మాత్రం ఎవరిముందూ దించలేదు.

ఊరు లేపేస్తున్నారని తెలిసిన రోజున కోర్నత్సెల్ నుంచి డజనుమంది ఆమె దగ్గరికొచ్చారు.

“నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి కీవా. తడి బొగ్గేనని మేమంతా వచ్చి సాక్ష్యం చెప్తాం.”

“నిన్న తవ్విందే, మేం చూశాం అని సాక్ష్యం చెప్పారుగా. మళ్లీ దేనికి?” అంది. అన్నదే గానీ మర్నాడు వాళ్లను వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకు వెళ్లింది. రెండు గంటలు గేటు బయటే నిలబెట్టి పంపేశారు.

వసంతానికి ఊరు ఖాళీ చేయించారు. ఇలారియేకి పట్నంలో నాలుగో అంతస్తులో ఒక గది ఇచ్చారు. ఆయన ఆ రోజు నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూతురు పెట్టింది తిన్నాడు, ఒక్క మాటా ఆడలేదు. ఆ తర్వాత రెండేళ్లకు గనిలోంచి వచ్చిన బొగ్గు బాయిలర్లో అంటుకోలేదట. దాన్ని అంటించడానికి పైనుంచి నూనె చల్లాల్సి వచ్చిందట. ఆ కబురు తుదోసియే నాకు నవ్వుతూ చెప్పాడు. అప్పటికి ఆయనకు పెద్ద పదవి వచ్చింది.

ఊరు ఖాళీ అయిన ఆ వసంతంలోనే, ఇళ్ల తర్వాత స్మశానం వంతు వచ్చింది. ఎవరివాళ్ల సమాధులు వాళ్లు తవ్వి ఎముకలు తీసుకుపోవాలని మూడువారాలు గడువిచ్చారు. ఒకరోజు పొద్దున్నే కీవక్క నా కొత్త ఇంటి తలుపు కొట్టింది. డాబా మీద ఆ మాట అన్న తర్వాత ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు. లోపలికి రాలేదు. గుమ్మంలోంచే రెండు గదులూ ఒక చూపు చూసి, “ఇవాళ సెలవు పెట్టు. మా అమ్మను తియ్యాలి. నాన్న లేవడు,” అంది.

వెళ్లాను. పార నేనే పట్టాను. ఆమె తల్లి పోయి పదకొండేళ్లయింది. ఎముకలు ఒక్కొక్కటీ ఆమె చేతికందించాను. ఎర్ర ద్రాక్షసారాతో కడిగి, తెల్లటి గుడ్డలో పెట్టి, చర్చి ఫాదరీ ప్రార్థన చదువుతుంటే ముడివేసింది. చుట్టూ అందరూ తవ్వుతున్నారు. ఎవరూ ఏడవడం లేదు. అంతా పారల చప్పుడే. గుట్ట అవతల యంత్రాలు అప్పుడే పని మొదలుపెట్టాయి. కొత్త స్మశానం పట్నం బయట, పదకొండు కిలోమీటర్లు. ఆ మూట తను ఎత్తుకుంటుందనుకుని నేను పార భుజాన వేసుకున్నాను. ఆమె పార లాగేసుకుని మూట నా చేతుల్లో పెట్టింది.

“సంతకం పెట్టింది ఈ చేతులేగా. మొయ్యి,” అంది.

మోశాను. రోడ్డు దాకా నడిచి బస్సెక్కాం. నా ఒళ్లో తెల్లటి మూట చూడగానే జనం శిలువ గుర్తు వేసుకుని చోటిచ్చారు. పక్కన కూర్చున్న ముసలావిడ నా మోచెయ్యి నిమిరి, “మీ అమ్మేనా బాబూ?” అని అడిగింది.

అవునన్నాను. నిజం చెప్పడానికి అప్పుడు కూడా నోరు రాలేదు. ముందు సీట్లో కీవక్క అది వింది. వెనక్కి తిరగలేదు.